బస్సు డ్రైవర్ ప్రమాదకరంగా నడుపుతుంటే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: నేను రోజూ మా ఊరి నుంచి టౌన్‌లో ఉన్న ఆఫీసుకు ప్రభుత్వ బస్సులో వెళ్తాను. పొద్దుటి ట్రిప్పు డ్రైవర్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూనే నడుపుతాడు. మలుపుల్లో ఓవర్‌టేక్ చేస్తాడు. కండక్టర్‌కు చెబితే 'భయమైతే తర్వాతి బస్సుకు రండి' అన్నాడు. ఒకసారి వీడియో తీశాను. అది బయటపెడితే నా మీదే కేసు వేస్తారని ఇంట్లో అంటున్నారు. నా వల్ల ఒకరి ఉద్యోగం పోతుందేమోనని కూడా బాధగా ఉంది. ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి? రెండు నెలల క్రితం మా అత్తగారు పూర్తిగా ఎక్కకముందే ఇదే బస్సు కదలడంతో ఆవిడ కిందపడి మణికట్టు విరిగింది. అప్పుడు ఎక్కడా చెప్పలేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసిన అత్తగారి విషయం ముందు చూద్దాం. మిగతావాటికి కొంచెం ఆలస్యమైనా నష్టం లేదు, దీనికి మాత్రం గడువుంది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద నష్టపరిహారం కోసం వేసే పిటిషన్‌ను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేయాలి. 2019 సవరణలో వచ్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కానీ, ఆ తీర్పేదో వచ్చాక చూద్దాంలే అని కూర్చోకండి. మీ చేతిలో ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.

'బస్సు దేన్నీ గుద్దలేదు కదా, ఇది యాక్సిడెంట్ ఎలా అవుతుంది?' అని చాలామంది అడుగుతారు. గుద్దనవసరం లేదు. బస్సు నడపడం వల్ల మనిషికి దెబ్బ తగిలితే చాలు. ఎక్కుతుండగా కదిలినా, దిగుతుండగా కదిలినా, సడన్ బ్రేక్‌కు తల వెళ్లి కడ్డీకి తగిలినా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగానే చూస్తుంది. 164వ సెక్షన్ కింద అయితే డ్రైవర్ తప్పు నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు అడగవచ్చు. 166 కింద అయితే డ్రైవర్ నిర్లక్ష్యం చూపించాలి. కానీ ఆసుపత్రి ఖర్చు, పోయిన సంపాదన, చెయ్యి మునుపటిలా తిరగకపోతే ఆ వైకల్యం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ రెండిట్లో ఏదో ఒక దారిలోనే డబ్బు తీసుకోవాలి, రెండిట్లోనూ కుదరదు. ఎముక చిన్నగా విరిగి నయమైపోతే మొదటిది, చెయ్యి పట్టు పోయి ఉంటే రెండోది మేలని నా అభిప్రాయం. డాక్టర్ కాగితాలు చూసిన లాయరు ఇది తేల్చాలి.

ఆ కాగితాల్లో ఒక మెలిక ఉంటుంది. పోలీసు గొడవ ఎందుకని చాలా ఇళ్లలో ఆసుపత్రికి వెళ్లగానే 'ఇంట్లో జారిపడింది' అని చెప్పేస్తారు. కేస్‌షీట్‌లో అదే ఎక్కుతుంది. తర్వాత బస్సు నుంచి పడ్డారని కోర్టులో ఎంత చెప్పినా అవతలి లాయరు ఆ ఒక్క కాగితమే పైకి తీస్తాడు. మీ అత్తగారి కేస్‌షీట్‌లో ఏం రాసి ఉందో ముందు చూడండి. 'బస్సు నుంచి పడ్డారు' అని ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే ఆ రోజు చూసిన తోటి ప్రయాణికులు, ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటో అతను, ఇలా సాక్షులను వెతకాల్సి ఉంటుంది.

పోలీసు స్టేషన్‌కు ఇప్పుడు వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద నిర్లక్ష్యంగా, ప్రాణాలకు ముప్పు తెచ్చేలా బండి నడపడమే నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటి నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. రెండు నెలలు ఎందుకు ఆగారో ఫిర్యాదులోనే దాచకుండా రాయండి. చికిత్స హడావుడిలో ఉన్నాం, ఫిర్యాదు చేయవచ్చని తెలియదు – నిజం ఏదైతే అది. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం పిటిషన్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లే హక్కు మీకుంది.

పిటిషన్ ఎవరి మీద వేయాలన్నది బస్సు నంబర్ చూసి చెప్పవచ్చు. ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో ఇంగ్లిష్ 'జెడ్' అక్షరం కనిపిస్తుంది. ప్రభుత్వ రవాణా సంస్థలకు తమ బస్సులకు బీమా చేయించడం నుంచి చట్టం మినహాయింపు ఇచ్చే వీలుంది, అలాంటప్పుడు పరిహారం సంస్థే కడుతుంది. అద్దె బస్సయితే యజమానిని, బీమా కంపెనీని, ఆర్టీసీని ముగ్గురినీ చేర్చమని మీ లాయరుకు చెప్పండి. ఎవరు ఎంత కట్టాలో వాళ్లలో వాళ్లు కోర్టులో తేల్చుకుంటారు.

ఇప్పుడు రోజువారీ డ్రైవింగ్ సంగతి. దీనికి మొదటి మెట్టు పోలీసు స్టేషన్ కాదు, డిపో మేనేజర్. ఆ డ్రైవర్‌ను రేపు ఆ ట్రిప్పు మీద పంపాలా వద్దా అని నిర్ణయించేది ఆయనే కాబట్టి. సంస్థ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, బస్టాండ్‌లో కంట్రోలర్‌కు చెప్పండి, కాదనను. కానీ కాగితం మీద ఫిర్యాదు డిపోకు చేరాలి. నేరుగా ఇస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. టికెట్ పారేయకండి. ఏ డిపో, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది దాని మీదే దొరుకుతుంది, ఆ బస్సులో మీరున్నారనడానికి అదే రుజువు. డ్రైవర్ పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఫలానా రోజు ఫలానా ట్రిప్పులో ఎవరు డ్యూటీలో ఉన్నారో డిపో రికార్డులో ఉంటుంది. పోలీసులు అడిగితే డ్రైవర్ వివరాలు ఇచ్చి తీరాలని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ వాహన యజమానికి చెబుతోంది.

ఫిర్యాదులో అసలు తేడా రాసే తీరులో వస్తుంది. 'మీ డ్రైవర్ రాక్షసుడు, రోజూ మా ప్రాణాలతో ఆడుకుంటున్నాడు' అని రాస్తే చదివిన అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. డ్రైవర్‌ను పిలిచి అడుగుతాడు, అతను కాదంటాడు, ఫైలు మూసేస్తారు. అతను ఎలాంటివాడో వదిలేసి ఏం చేశాడో రాయండి. ఉదాహరణకు ఇలా:

'ఈ నెల 12న ఉదయం 8 గంటల ట్రిప్పులో నేను ప్రయాణించాను. బస్సు నంబర్ ఇది. చెరువు కట్ట మలుపు దగ్గర డ్రైవర్ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ ఇసుక లారీని ఓవర్‌టేక్ చేశారు. ఎదురుగా వచ్చిన స్కూల్ వ్యాన్ రోడ్డు దిగాల్సి వచ్చింది. కండక్టర్‌కు చెప్పాను, ఆయన ఈ మాట అన్నారు. నా పక్క సీటులో ఉన్న ఇద్దరు చూశారు, వారు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. టికెట్ జిరాక్స్ జత చేశాను. విచారణకు పిలిస్తే వస్తాను.'

చివరి వాక్యం తీసేయకండి. డ్రైవర్ మీద చర్య తీసుకోవాలంటే డిపో అతనికి ఛార్జిషీటు (ఆరోపణల కాగితం) ఇచ్చి, జవాబు తీసుకుని, విచారణ జరపాలి. ఫిర్యాదు చేసిన మనిషి ఆ రోజు రాకపోతే కేసు చాలావరకు అక్కడే నీరుగారుతుంది. అలాగని శాఖాపరమైన విచారణకు కోర్టులో అడిగేంత గట్టి సాక్ష్యం అక్కర్లేదు. హర్యానాలో ఒక బస్సు కండక్టర్‌ను తీసేసిన కేసులో 1977లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ప్రయాణికుల వాంగ్మూలాలు లేకపోయినా నమ్మదగ్గ ఆధారం కొంత ఉంటే విచారణ చెల్లుతుందని చెప్పింది. అక్కడ లేని ప్రయాణికుల సాక్ష్యం ఇక్కడ మీ రూపంలో ఉంది.

ఉద్యోగం పోతుందేమోనన్న మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ శిక్ష వేసేది మీరు కాదు. హెచ్చరిక, మళ్లీ శిక్షణ, ఇంక్రిమెంట్ ఆపడం, సస్పెన్షన్, తొలగింపు కంటే ముందు ఇన్ని మెట్లున్నాయి. తప్పుకు మించిన శిక్ష వేస్తే దాన్ని సవాలు చేసే దారి కూడా అతనికి ఉంది. ఇంకో విషయం. కొన్నిసార్లు డ్రైవర్ తొందరకు కారణం అతని దూకుడు కాదు, షెడ్యూలులో ఇచ్చిన టైము. ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు పెరిగినా, బడి పిల్లలు ఎక్కే స్టాపులు పెరిగినా ట్రిప్పు టైము మాత్రం పాతదే ఉంటుంది. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 ప్రకారం మామూలు డ్యూటీ రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిదిగా ఉండేది. వేగ పరిమితి దాటేలా డ్రైవర్‌ను తరిమిన యజమానికి కూడా మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లో జరిమానా ఉంది. అందుకే ఫిర్యాదు చివర 'ఈ ట్రిప్పుకు ఇచ్చిన సమయం సరిపోతోందో లేదో పరిశీలించండి' అని ఒక వాక్యం చేర్చమంటాను. ఫోన్‌లో మాట్లాడటానికి మాత్రం ఏ షెడ్యూలూ సాకు కాదు.

ఫోన్ పట్టుకుని నడపడాన్ని, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని 184వ సెక్షన్ పేరు పెట్టి మరీ ప్రమాదకర డ్రైవింగ్‌గా చెప్పింది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. దెబ్బలు తగలాల్సిన పని లేదు. అలాగే ఆర్టీఓ ఆఫీసుకు ఒక ప్రతి పంపండి. చాలామంది ఈ దారి వాడుకోరు. 19వ సెక్షన్ కింద లైసెన్సును కొంతకాలం నిలిపివేసే అధికారం వాళ్లకుంది. ఏ పనులకు నిలిపివేయవచ్చో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వ నిబంధన జాబితా ఇచ్చింది. బండి నడుపుతూ మొబైల్ వాడటం అందులో ఉంది. దిగాలనుకునే ప్రయాణికుడికి తగినంతసేపు స్టాపులో బస్సు ఆపకపోవడం కూడా ఉంది.

ఇక వీడియో. మీ కళ్ల ముందు జరిగిన ప్రమాదకర డ్రైవింగ్‌ను సాక్ష్యం కోసం తీయడం నేరం కాదు. మీ సీటులో కూర్చునే తీయండి. డ్రైవర్ పక్కకు వెళ్లి ఫోన్ అడ్డం పెడితే అతని దృష్టి చెదురుతుంది, తప్పు మీ మీదకు వస్తుంది. అసలు ఫైలు మీ ఫోన్‌లోనే ఉంచండి, కత్తిరించకండి. వాట్సాప్‌లో పంపినప్పుడు క్వాలిటీ తగ్గిపోతుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. విషయం కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఒక ధ్రువపత్రం జతచేయాలి, అప్పుడు తీసిన ఫోన్ గురించి అడుగుతారు.

మీ ఇంట్లో వాళ్ల భయం పూర్తిగా తప్పు కాదు, కానీ రెండు పనులను కలిపేస్తున్నారు. చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో ఫిర్యాదు చేయడం పరువునష్టం కాదని న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. డిపో మేనేజర్, ఆర్టీఓ, పోలీసు, ముగ్గురూ ఆ కోవలోకే వస్తారు. అదే వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టి 'తాగి నడుపుతున్నాడు' అని రాశారనుకోండి, తాగాడని మీ దగ్గర రుజువు ఏముంది? అక్కడ చిక్కుల్లో పడతారు. నిజంగానే మందు వాసన వస్తే వీడియోలు తీస్తూ కూర్చోకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి. శ్వాస పరీక్ష చేయాల్సింది పోలీసులే, అదీ అప్పటికప్పుడే.

కండక్టర్ అన్న మాటను కూడా ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. మనుషులు ఎక్కారో లేదో చూసి విజిల్ వేయాల్సిన బాధ్యత అతనిది. మీ అత్తగారి విషయంలో డ్రైవర్ ఒక్కడినే తప్పుపట్టడం సరికాదు.

నెల దాటినా డిపో నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 'డ్రైవర్ సర్వీసు రికార్డు ఇవ్వండి' అంటే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. 'ఫలానా తేదీన నేను ఇచ్చిన ఫిర్యాదు మీద ఇప్పటివరకు ఏ తేదీన ఏం చేశారు, ఫైలు ఎవరి దగ్గర ఉంది' అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తు చేరాక ఆగిన ఫైళ్లు కదలడం నేను చాలాసార్లు చూశాను.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. రవాణా కూడా సేవే కాబట్టి సేవా లోపం మీద రెండేళ్లలోపు వెళ్లవచ్చు. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కానీ మీ అత్తగారి గాయానికి పరిహారం మాత్రం అక్కడ అడగకండి. తిరువళ్లువర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు మోటారు ప్రమాద పరిహారం ట్రిబ్యునల్ పరిధిలోనిదని, వినియోగదారుల ఫోరానికి ఆ అధికారం లేదని చెప్పింది. తెలియక అక్కడ వేస్తే, అది తేలేలోపు ఆరు నెలలు దాటిపోతాయి.