ఏపీ యూఎస్ హిస్టరీ మావాడికి అవసరమా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మావాడు వచ్చే ఏడు లెవెంత్ గ్రేడ్. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) యూఎస్ హిస్టరీ తీసుకోమని, ట్వెల్త్‌లో ఏపీ గవర్నమెంట్ కూడా చేయమని స్కూల్ కౌన్సెలర్ అంటోంది. మావారేమో కాలిక్యులస్, ఫిజిక్స్ ఉండగా ఈ బట్టీ సబ్జెక్టులు దేనికి, జీపీఏ పాడైపోతుంది అంటున్నారు. మేం చదివింది శాతవాహనులు, కాకతీయులు, ఇంట్లో చెప్పేవాళ్ళు కూడా లేరు. ఏం చేయమంటారు?
– ఒక అమ్మ

జవాబు: హిస్టరీ తప్పించుకునే దారి టెక్సాస్‌లో లేదమ్మా. హైస్కూల్ పూర్తవ్వాలంటే యూఎస్ హిస్టరీ చదవాల్సిందే, కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది మామూలు క్లాసా, ఏపీ క్లాసా అన్నదే. ఇంకో సంగతి మీవారికి చెప్పండి, రేపు మీవాడు ఇంజినీరింగ్‌కి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో చేరినా 6 క్రెడిట్ అవర్స్ (సుమారు రెండు కోర్సులు) హిస్టరీ, ఇంకో 6 గవర్నమెంట్ చదవాలి, రాష్ట్ర చట్టమే అది. ఏపీ పరీక్షలో 5కి 3 గానీ ఆపైన గానీ వస్తే మామూలుగా ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి క్రెడిట్ ఇస్తారు, ఎన్ని అవర్స్ అన్నది ఆ యూనివర్సిటీ సైట్‌లో చూసుకోండి.

ఇక బట్టీ అంటారా, బట్టీ పట్టినవాడు ఈ పరీక్షలో దెబ్బ తింటాడు. 1491 నుంచి నేటి దాకా సిలబస్, నిజమే, కానీ మార్కుల్లో 25 శాతం డీబీక్యూ (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్) అనే ఒక్క వ్యాసానిదే. 7 డాక్యుమెంట్లు ఇస్తారు, ఒక పాత కార్టూను, ఒక స్పీచ్ ముక్క, ఎవరిదో ఉత్తరం ఇలా, చదివి రాయడానికి మొత్తం 60 నిమిషాలు. వరసగా ఏడింటికీ సారాంశం రాసేసి అన్నీ కవర్ చేశాననుకుంటే లాభం లేదు. తన వాదన ఏంటో ముందు చెప్పాలి, డాక్యుమెంట్లు దానికి సాక్ష్యంగా వాడాలి, అందులో లేని విషయం ఒకటైనా తన తలలోంచి తేవాలి.

దీనికి మీకు హిస్టరీ రానక్కర్లేదు. అన్నం తినేటప్పుడు ఒక డాక్యుమెంట్ తీయించి ఇది ఎవరు రాశారు, ఎవర్ని ఒప్పించడానికి, అప్పుడు దేశంలో ఏం జరుగుతోంది అని అడగండి చాలు. మొదట 1923 నాటి భగత్ సింగ్ థిండ్ కేసు ఇవ్వండి, అమెరికా సైన్యంలో పనిచేసినవాడికే మీరు తెల్లవాళ్ళు కాదు, పౌరసత్వం లేదు పొమ్మంది సుప్రీంకోర్టు. మనవాళ్ళకి ఆ హక్కు 1946లో గానీ రాలేదు, దేశాలవారీ కోటాలు పోయింది 1965 చట్టంతో, ఆ తర్వాతే కదా మన డాక్టర్లూ ఇంజినీర్లూ ఇక్కడికి పెద్ద ఎత్తున వచ్చింది. పిల్లాడు ఫోన్ పక్కన పెట్టి వింటాడు చూడండి.

గవర్నమెంట్ దీనికన్నా చిన్న కోర్సు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలు కొన్ని, బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరం, కొన్ని సుప్రీంకోర్టు తీర్పులు కచ్చితంగా చదవాలి. అందులో టింకర్ కేసు ఉంది, వియత్నాం యుద్ధం వద్దని చేతికి నల్ల గుడ్డ కట్టుకొచ్చారని స్కూలు సస్పెండ్ చేస్తే పిల్లలు కోర్టుకెళ్ళి 1969లో గెలిచారు. సస్పెండ్ అయినప్పుడు వాళ్ళలో ఒకమ్మాయికి 13 ఏళ్ళు!

జీపీఏ భయం ఉత్తిది కాదు, చదవాల్సిన పేజీలు చాలా ఎక్కువ. అయితే చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఏపీ క్లాసుకి జీపీఏ లెక్కలో అదనపు వెయిటేజీ ఉంటుంది, మీ స్కూల్లో ఎంతో కౌన్సెలర్‌ని అడగండి. మీవాడు ఒకే ఏడాది నాలుగైదు ఏపీలు పెట్టుకుంటే మాత్రం ఒకటి తగ్గించండి, అది హిస్టరీ కాకుండా చూడండి.