తువ్వాలు కప్పిన కెమెరా

డల్లాస్ నుంచి మీరు రాసిన ఉత్తరం సారాంశం ఇది. తెనాలిలో ఉంటున్న 74 ఏళ్ల నాన్నగారి జబ్బకు షుగర్ కొలిచే సెన్సర్ పెట్టించారు, హాల్లో కెమెరా బిగించారు. అక్కడ రాత్రి రెండింటికి షుగర్ పడిపోయిందని మీ ఫోను మోగినప్పుడల్లా ఇంటికి ఫోను చేసి, అమ్మానాన్నలిద్దరినీ లేపి, ఆయనతో పంచదార నీళ్లు తాగించారు. చివరికి ఆయన సెన్సర్ పీకేసి, కెమెరాకు తువ్వాలు కప్పి, మీతో మాటలు మానేశారు. ప్రాణం కాపాడాలనుకోవడం తప్పా అని అడిగారు.

తప్పు కాదు. అయితే ఆ రాత్రుల సంగతి ముందు చూద్దాం. ఆ సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవంలోని చక్కెరను. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదలను కూడా చూపిస్తుంది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే నిజం తేలిపోయేది. పైగా పంచదార నీళ్ల తర్వాత పొద్దున షుగర్ పెరిగితే, దానికీ ఆయన్నే నిలదీశారని మీరే రాశారు!

షుగర్ అంకెను ఎంత బిగిస్తే అంత మంచిదని వైద్యులూ నమ్మారు. అమెరికా, కెనడాల్లో గుండెజబ్బు ముప్పున్న పదివేల మందికి పైగా మధుమేహులతో అకార్డ్ అనే వైద్య పరిశోధన జరిగింది. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీని 6 శాతం కంటే దిగువకు తేవడానికి మందులు పెంచిన వర్గంలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2008లో ఆ పద్ధతిని ఆపేశారు. వృద్ధులకు లక్ష్యాన్ని కొంత సడలించడం ఇప్పుడు మామూలే.

రాతిని గొడ్డలిగా చెక్కిన నాటి నుంచీ మనిషి తన చేతికి అందనిదాన్ని పనిముట్టుతో అందుకుంటూనే ఉన్నాడు. మీరు ఇంజనీరు, దూరంగా ఉన్నారు, భయం వేసింది, పరికరం కొన్నారు. కానీ రాయికి అభిప్రాయం ఉండదు, మీ నాన్నగారికి ఉంది. దగ్గర లేనన్న మీ బెంగకే ఆ పరికరాలు మందేమోనని నా అనుమానం.

కెమెరా తీయించేయండి. సెన్సర్ సంగతి ఆయన, ఆయన డాక్టరు తేల్చుకుంటారు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే షుగర్ పడిపోయే ప్రమాదం నిజమే కనుక ఆ మాట ఆయన్నే డాక్టరును అడగమనండి. సెన్సర్ ఉంచుకుంటానంటే హెచ్చరిక ముందు అమ్మగారి ఫోనుకు వెళ్లాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మూడు నాలుగు చెంచాల పంచదార ఇచ్చి పావుగంటకు మళ్లీ చూడాలని, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోను చేయాలని ఆవిడకు చెప్పండి.

ఈ ఆదివారం మాట్లాడినప్పుడు షుగర్ ఎంత ఉందని అడగకండి. ఆయన ఫోను తీసుకోకపోతే అమ్మగారితో మాట్లాడి పెట్టేయండి. వచ్చే ఆదివారం మళ్లీ చేయండి.