‘కట్టేశారట’ అంటే కోర్టులో చాలదు

ప్రశ్న: తుంటి ఎముక విరిగితే 78 ఏళ్ల మా అమ్మను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను. ఉద్యోగం వల్ల రాత్రిపూటే వెళ్లగలిగాను. ఐదు రోజులు రాత్రింబవళ్లు ఆమె చేతులు మంచానికి కట్టేశారట. నేను వెళ్లేసరికి విప్పేసేవారట. నడుము కింద పుండు పడింది. ఆయా వస్తే అమ్మ మాట ఆపేసేది. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి ఎత్తితే ముఖం తిప్పుకుంటుంది. ఇది జరిగి 14 నెలలైంది. ఒక కాగితం మీద సంతకం పెడితే బిల్లు బాకీ మాఫీ చేస్తామని ఆసుపత్రి నుంచి ఫోన్లు వస్తున్నాయి. వయోవృద్ధుల ట్రిబ్యునల్‌కు వెళ్లాలా? ఆమెను వదిలి వెళ్లిన తప్పు నాదేనా?

జవాబు: మీ చివరి ప్రశ్న ఏ కోర్టూ అడగదు, కనుక నేనూ దాని జోలికి పోను. మీ కేసును తేల్చేది ‘కట్టేశారట’ అన్న మాట. ఆ ‘ట’ను తీసేయగలిగితేనే కేసు నిలుస్తుంది.

ఆసుపత్రి ఏమంటుందో ఇప్పుడే చెప్పగలను: ‘గొట్టాలు పీకేసుకుంటుంటే ఆమె క్షేమం కోసమే కట్టాం.’ నిజంగా అంతే అయితే ఏ డాక్టరు ఆదేశించారో, ఎప్పుడు కట్టారో, ఎప్పుడు విప్పి చూశారో కేస్ షీటులో రాసి ఉండాలి. ఆ రాత లేకపోతే వారి సమర్థనకు ఆధారం లేదు. పుండు సంగతీ అంతే. చేరిన రోజు చర్మం బాగుందని నర్సు రాసి, ఆ తర్వాత రెండేసి గంటలకు పక్క మార్చిన నమోదు లేకపోతే ఆ పుండు ఎక్కడ పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. మందుల చార్టు కూడా చూడాలి. కారణం రాయకుండా మత్తుమందు ఇవ్వడమూ వేధింపే.

మరి ఆ రికార్డులు అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. 14 నెలలు ఊరుకోవడం పెద్ద అజాగ్రత్త. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, ఆమె అధికారమిచ్చినవారు గానీ అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు వాటిని భద్రపరచాలి. కాబట్టి ఇంకా ఉండాలి. అమ్మ సంతకంతో రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో ఈ వారమే అడగండి. నర్సుల నోట్సు, మందుల చార్టు అని పేరు పెట్టి అడగండి. లేకుంటే డిశ్చార్జి కాగితం ఒక్కటి చేతిలో పెడతారు.

మీరు పంపిన ఫోటో విలువైనది. మణికట్టు చుట్టూ గుడ్డ ఒరుసుకున్న ఎర్రటి చార, దానికి కాస్త పైన ఆసుపత్రి వేసిన పేరు పట్టీ ఒకే ఫోటోలో ఉన్నాయి. అది తీసిన ఫోను అమ్మకండి, మార్చకండి. ఫోను, కంప్యూటరులోని సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి అది కావాలి.

ఇక గడువు. కొట్టి గాయపరచడం లాంటి, ఏడాది వరకు శిక్ష పడే నేరాలకు ఏడాదిలోపే కోర్టుకు వెళ్లాలి. అది దాటిపోయింది, జాప్యాన్ని మన్నించమని కోర్టును వేడుకోవచ్చు గానీ దాన్ని నమ్ముకోకండి. మూడు రోజులు, అంతకు మించి అక్రమంగా నిర్బంధిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది, గడువూ మూడేళ్లే. అందుకే ఆ ఐదు రోజుల లెక్క మీకు ప్రాణం. వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు. మీకు పది నెలలు మిగిలాయి. మీరున్న జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. చదవడానికని కూడా ఆసుపత్రికి వెళ్లకండి. ‘మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు, ఫోటో, రికార్డు అన్నీ నీరుగారిపోతాయి. బాకీ విషయం రాతపూర్వకంగా పంపమనండి. ఆ ఉత్తరమూ మీకు సాక్ష్యమే.

ట్రిబ్యునల్ ఆలోచన మానండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద అది పిల్లలు, బంధువుల నుంచి మనోవర్తి (పోషణ ఖర్చు) ఇప్పించేది. ఆసుపత్రి మీద నష్టపరిహారం ఇవ్వదు.

వాళ్లు కట్టేసిన మనిషి మీ అమ్మే కనుక అసలు సాక్షి ఆమె. ‘ఆయా కొట్టిందా?’ అని అడగకండి, ‘ఆ గదిలో ఏం జరిగింది?’ అని మాత్రమే అడగండి. ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే రాసి, తేదీ వేసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. పుండు మచ్చను మరో డాక్టరుకు చూపించి రాతలో అభిప్రాయం తీసుకోండి. ఆ రెండు కాగితాలూ రికార్డులతో కలిపి వకీలు దగ్గరకు తీసుకెళ్లండి.