చక్కెర ఎక్కువని తేలినా వైద్యుని వద్దకు వెళ్లడం లేదన్న ప్రశ్నకు సమాధానం

చెన్నైలోని పెరంబూరులో మీ తెలుగు సంఘం నవంబర్ 14న పెట్టిన శిబిరంలో చక్కెర ఎక్కువగా తేలినవారు ఆ తరువాత వైద్యుని వద్దకు వెళ్లకపోవడానికి కారణం వారి నిర్లక్ష్యం కాకపోవచ్చు. అంకెను చీటీపై రాసిచ్చి, ఎక్కడికి, ఏ రోజు వెళ్లాలో చెప్పకుండా పంపడమే అయి ఉంటుంది.

చాలా సంఘాలు వదిలేసే మెట్టు ఇదే. అది ఎందుకు అవసరమంటే, వేలి నుంచి తీసిన చుక్కతో చేసే పరీక్ష అనుమానాన్ని తెలుపుతుంది తప్ప వ్యాధిని నిర్ధారించదు. పరగడుపున సిర నుంచి తీసిన రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే రక్తపరీక్ష) 6.5 శాతం, లేదా అంతకు మించి ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలు లేనివారికి దాన్ని మరొక పరీక్షతో సరిచూస్తారు. కాబట్టి ఈసారి శిబిరంలో ఇలా చేయండి.

1. అంకె ఎక్కువ వచ్చినవారి ఫోను నంబరును వారి అనుమతితో రాసుకొని, దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లే రోజును అక్కడే నిర్ణయించండి.

2. వారంలోగా తెలుగులో ఫోను చేయించండి. తమిళ చీటీ చదవలేని పెద్దలు ఎవరినీ అడగడానికి మొహమాటపడతారు. "మిఠాయిలు తిన్నందుకే వచ్చింది" అనే మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. సిగ్గుపడినవారు మళ్లీ రారు.

3. మందులు మొదలైనవారికి, తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రారంభించిన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకంలో చక్కెర, రక్తపోటు మందులను ఇంటికే తెచ్చి ఇస్తారని తెలపండి.