జలగ పొట్టలోపలి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ప్రాక్టికల్స్‌లో నిల్వ ఉంచిన జలగను కోసి ఆహారనాళం చూపించమంటున్నారు. నేను కోసిన ప్రతిసారీ అన్నాశయం చిరిగిపోతోంది. పేగు ఎక్కడ మొదలవుతుందో కూడా తేలడం లేదు. ఎలా కోయాలి?
— బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మన కాలేజీ ల్యాబుల్లో ఉండేది సాధారణంగా చెరువుల్లో గేదెలను పట్టే పశువుల జలగ, హిరుడినేరియా గ్రాన్యులోసా. వానపాములో ఒంటి గోడకూ ఆహారనాళానికీ మధ్య ఖాళీ ఉంటుంది. జలగలో ఆ ఖాళీ లేదు. ఆ జాగా అంతా బొట్రాయిడల్ కణజాలం అనే గోధుమరంగు పోగులతో కిక్కిరిసి ఉంటుంది. వానపామును కోసిన అలవాటుతో కత్తెర మొన లోపలికి దింపితే అది నేరుగా అన్నాశయంలో, అంటే తాగిన రక్తం దాచుకునే సంచిలో, దిగుతుంది. మీకు చిరుగుతున్నది బహుశా ఇందుకే.

ట్రేలో జలగ మునిగేలా నీళ్లు పోయండి. ముదురు ఆకుపచ్చగా ఉండే వీపు పైకి రావాలి. ముందు చూషకంలో (అంటిపెట్టుకునే గుండ్రటి భాగంలో) ఒకటి, వెనుక చూషకంలో ఒకటి గుండుసూది గుచ్చి, ఒళ్లు కాస్త సాగేలా లాగి పెట్టండి. నడుము దగ్గర, మధ్యగీతకు కొంచెం పక్కగా, చర్మాన్ని పట్టకారుతో పైకెత్తి చిన్న గాటు పెట్టండి. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ కోయండి. కత్తెర మొన ఎప్పుడూ పైకే చూస్తుండాలి. తరువాత చర్మాన్ని లాగకండి. సూదితో గోధుమరంగు పోగులను కొద్దికొద్దిగా విడదీస్తూ, విడిన మేరకే చర్మాన్ని పక్కకు తిప్పి సూదులు గుచ్చుకుంటూ పోవాలి. అన్నాశయపు పక్క సంచుల నడుమ, వీపు నుంచి పొట్ట దాకా నిలువుగా దిగే కండరాలు తగులుతాయి. వాటిని ఒక్కొక్కటిగా కత్తిరించాలి. తొందరపడి చర్మం గుంజితే సంచులు మొదట్లోనే తెగిపోతాయి. ఎంచుకునే వీలుంటే ఒళ్లు బల్లపరుపుగా ఉన్న జలగను తీసుకోండి. రక్తం తాగి ఉబ్బిన దాంట్లో అన్నాశయం గోడ పలచబడి సూది తగిలితేనే చిట్లుతుంది.

ఇక భాగాలు. నోరు దాటగానే మూడు దవడలున్న నోటి కుహరం. 5 నుంచి 8వ ఖండితం (ఒంటి విభాగం) వరకు దట్టమైన కండరాల గ్రసని, అంటే గొంతు భాగం, దాని చుట్టూ లాలాజల గ్రంథులు. ఆ తరువాత పొట్టి ఆహారవాహిక. 9 నుంచి 18 వరకు అన్నాశయం: ఖండితానికి ఒకటి చొప్పున పది గదులు, ప్రతి గదికీ అటొకటి ఇటొకటి వెనక్కి వాలిన సంచులు. వీటినే అంధనాళాలంటారు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారం, దాన్ని బిగించే కండరం ఉంటాయి. ముందు గదుల సంచులు చిన్నవి, వెనక్కి పోయేకొద్దీ పెద్దవి. పదో జత మాత్రం చాలా పొడవు, 22వ ఖండితం దాకా వెళుతుంది.

విద్యార్థులు పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఈ రెండు పొడవాటి సంచులను చూసి పేగు అనుకుంటారు. అసలు జీర్ణాశయం ఆ రెండింటి మధ్య, 19వ ఖండితంలో, చిన్న గుండె ఆకారంలో దాక్కుని ఉంటుంది. సంచులను మెల్లగా అటూ ఇటూ జరిపితేనే కనిపిస్తుంది. దాని వెనుక 20 నుంచి 22 వరకు సన్నటి పేగు, ఆపైన పురీషనాళం. పాయువు వీపు వైపున, వెనుక చూషకం మొదట్లో, 26వ ఖండితంలో తెరుచుకుంటుంది. బొమ్మ వేసేటప్పుడు పదో జత సంచుల చివర మూసుకుని ఉన్నట్టు స్పష్టంగా చూపించండి.

ప్రశ్న: జలగ ఒక్కసారి తాగితే నెలల తరబడి బతుకుతుందంటారు. లోపలికి పోయిన రక్తం గడ్డకట్టదా? కుళ్లదా?
— ఇంటర్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: దాని ఆహారనాళం నిర్మాణమంతా ఈ ఒక్క అవసరం చుట్టూనే తిరుగుతుంది: దొరికినప్పుడు వీలైనంత తాగడం, తాగినదాన్ని చెడకుండా దాచుకోవడం. పై జవాబులోని కొలతలే చూడండి. దాచే అన్నాశయానికి పది ఖండితాలు, అరిగించే జీర్ణాశయానికి ఒక్కటి.

గడ్డకట్టకపోవడానికి కారణం లాలాజలం. అందులోని హిరుడిన్ అనే పదార్థం, మన రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను పట్టి బంధిస్తుంది. థ్రాంబిన్ పనిచేయకపోతే రక్తాన్ని గడ్డగా పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగుల వల ఏర్పడదు. జలగ సారంలో ఈ గుణం ఉందని 1884లో జాన్ బెర్రీ హేక్రాఫ్ట్ చూపించారు. 1950లలో ఫ్రిట్జ్ మార్క్‌వార్ట్ హిరుడిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశారు.

పూర్తిగా ఎదిగిన యూరప్ వైద్య జలగ, హిరుడో మెడిసినాలిస్, 20 నుంచి 40 నిమిషాల్లో 5 నుంచి 15 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. అది దాని సొంత బరువుకు ఎన్నో రెట్లు. తాగిన వెంటనే మొదలయ్యే పని అరుగుదల కాదు, నీరు తీసేయడం. రక్తపు ద్రవభాగమైన ప్లాస్మాలోని నీరు, ఉప్పు అన్నాశయం గోడ గుండా ఒంట్లోకి వచ్చి, విసర్జక నాళికల ద్వారా బయటికి పోతాయి. మన పశువుల జలగకు ఇవి 17 జతలు. కొద్ది రోజుల్లో అన్నాశయంలో మిగిలేది చిక్కటి రక్తకణాల ముద్ద. ఆ కణాలు వారాలు గడిచినా చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ ముద్ద కొంచెం కొంచెంగా జీర్ణాశయం, పేగుల్లోకి దిగి అరుగుతుంది.

కుళ్లకుండా ఉండటంలో బ్యాక్టీరియా పాత్ర ఉంది. అన్నాశయంలో ఏరోమోనాస్ అనే రకం స్థిరంగా కాపురం ఉంటుంది. బయటి క్రిములను పెరగనివ్వకపోవడంలోనూ, అరుగుదలలోనూ దానికి భాగముందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ప్రశ్న: నాట్లప్పుడు కాళ్లకు జలగలు పడుతుంటాయి. మేం ఉప్పో, సున్నమో, పొగాకు రసమో వేసి రాలగొడతాం. అలా చేయొద్దని ఒకరు చెప్పారు. నిజమేనా?
— రైతు, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: నిజమేనండి. ఉప్పు, సున్నం, పొగాకు, నిప్పు, ఏది తగిలినా జలగ వదిలేస్తుంది. కాకపోతే వదిలేముందు అన్నాశయంలో ఉన్నదాన్ని గాటులోకే కక్కే ప్రమాదం ఉంది. పైన చెప్పిన ఏరోమోనాస్ అలా మన ఒంట్లోకి చేరితే పుండు చీము పట్టవచ్చు. తెగిన వేళ్లను తిరిగి అతికించినప్పుడు నిలిచిపోయిన రక్తం లాగడానికి ఆసుపత్రుల్లో జలగలను వాడతారు. అమెరికాలో 2004లో దీనికి అనుమతి కూడా ఇచ్చారు. అక్కడి డాక్టర్లు ముందుజాగ్రత్తగా సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇచ్చేది ఈ బ్యాక్టీరియాకు భయపడే.

సన్నగా ఉన్న కొస నోటివైపు. అక్కడ చర్మానికి ఆనించి గోరును పక్కకు జరిపితే ముందు చూషకం పట్టు వదులుతుంది. వెంటనే లావుపాటి కొసను కూడా అలాగే జరిపి దూరంగా విసరండి. ఆలస్యమైతే మళ్లీ అంటుకుంటుంది. మధ్యలో పట్టుకుని పిసకొద్దు.

హిరుడిన్ వల్ల రక్తం గంటల తరబడి ఊరుతూనే ఉండొచ్చు. సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి కట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎర్రబడి వాపు వచ్చినవారు, ముక్కులోనో గొంతులోనో జలగ చేరినవారు ఇంట్లో ప్రయత్నాలు చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: ఆయుర్వేద జలగ చికిత్సలో రక్తం తాగిన జలగను ఎందుకు కక్కిస్తారు? వదిలేస్తే అదే అరిగించుకుంటుంది కదా!
— గృహిణి, బెంగళూరు

జవాబు: అరిగించుకుంటుంది, నెలలు పడుతుంది. అన్నాళ్లూ అది మళ్లీ పట్టదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 13వ అధ్యాయంలో ఈ పని వివరంగా ఉంది. జలగకు బియ్యప్పిండి రాసి, నోటికి నూనె, ఉప్పు పూసి, ఎడమచేత్తో తోక పట్టుకుని, కుడిచేతి వేళ్లతో తోక నుంచి నోటి వైపుకు మెల్లగా నిమురుతూ కక్కించాలి. ఇప్పుడు చాలామంది వైద్యులు నోటికి పసుపు పూస్తున్నారు.

తోక నుంచే నిమరడంలో శరీర నిర్మాణ జ్ఞానం ఉంది. ఎక్కువ రక్తం పట్టేది వెనుక మూసుకున్న ఆ పొడవాటి పదో జత సంచుల్లో. నడుము దగ్గర మొదలుపెడితే వాటిలోనిది అక్కడే ఉండిపోతుంది. గట్టిగా పిండితే గోడ చిట్లి జలగ చస్తుంది. సరిగ్గా కక్కినది నీటిలో వేయగానే ఆహారం కోసం చురుగ్గా తిరుగుతుందని, సరిగా కక్కనిది అడుగున కదలకుండా పడి ఉంటుందని, దానికి ఇంద్రమదం అనే జబ్బు వస్తుందని సుశ్రుతుడు రాశాడు. అదే జలగను ఏడు రోజుల వరకు మళ్లీ పట్టించవద్దని వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం చెబుతుంది.

ఎంత బాగా కక్కించినా సంచులు పూర్తిగా ఖాళీ కావు. అందువల్ల ఒకరికి పట్టించిన జలగను మరొకరికి ఎట్టి పరిస్థితిలోనూ పట్టించకూడదు. చికిత్సకు వెళ్లినప్పుడు ఈ మాట అడిగి తెలుసుకోండి, మొహమాటపడకండి.

ప్రశ్న: జలగకు మూడు వందల పళ్లు ఉంటాయా?
— పదో తరగతి విద్యార్థి, కర్నూలు

జవాబు: మన పశువుల జలగకు సుమారు అంతే. పై దవడ మీద 103 నుంచి 128, కింది పక్కల రెండు దవడల మీద ఒక్కోదానికి 85 నుంచి 115 సూక్ష్మమైన దంతికలు ఒకే వరుసలో ఉంటాయి. వాటితో నమలదు. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించి చర్మం కోస్తుంది. కాటు మచ్చకు మూడు కొమ్మలుండేది అందుకే. జలగలన్నింటికీ దవడలుంటాయనుకోవద్దు. చేపలనూ తాబేళ్లనూ పట్టే కొన్ని రకాలు దవడలకు బదులు సన్నటి తొండాన్ని చర్మంలోకి దింపి రక్తం పీలుస్తాయి.