బెంగళూరు ఏ320 ప్రమాదం: తప్పు పైలట్లదా, విమానానిదా?

1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో దిగబోతూ కూలిపోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 విమానం విషయంలో తప్పు పైలట్లదా, విమానానిదా అని మీరు అడిగారు. నేను పైలట్‌ను కాను. హైదరాబాద్‌లోని ఒక పైలట్ శిక్షణ కేంద్రంలో ఏ320 సిమ్యులేటర్ (నేలమీదే శిక్షణ ఇచ్చే నమూనా కాక్‌పిట్) నిర్వహణ ఇంజినీరుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ కాక్‌పిట్‌లోని నాబ్‌లను, స్విచ్‌లను విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించడమే నా రోజువారీ పని. ఆ అనుభవంతో నేను నమ్మేదేమిటంటే, చివరి క్షణాల్లో వేగాన్ని గమనించకపోవడం పైలట్ల పొరపాటే అయినా, అంతటి పొరపాటు అంత నిశ్శబ్దంగా జరిగిపోవడానికి వీలిచ్చింది మాత్రం ఆనాటి విమానం రూపకల్పనే.

బొంబాయి నుంచి వచ్చిన ఆ విమానంలో 146 మంది ఉండగా 92 మంది మరణించారు. పట్టపగలు, ఆకాశం నిర్మలంగా ఉంది, రన్‌వే కళ్లెదుటే కనిపిస్తోంది. అటువంటి వేళ విమానం రన్‌వేకు ఇవతలే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి, ఎగిరిపడి, ముందున్న గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. సంస్థ చేతికి వచ్చి కొన్ని వారాలే అయిన విమానం అది. పైలట్లిద్దరూ వేల గంటలు నడిపినవారే, కానీ ఏ320 వారికి కొత్త.

విమానం దిగేటప్పుడు ఇంజన్లు ఓ మోస్తరు శక్తితో నడుస్తూ వేగాన్ని నిలబెట్టాలి. ఆ రోజు అవి ఐడిల్‌లో, అంటే కనీస శక్తిలో ఉండిపోయాయి. ‘ఓపెన్ డిసెంట్’ అనే ఆ పద్ధతిలో ఇంజన్లు వేగం సంగతి పట్టించుకోవు, ముక్కును దించడం ద్వారానే వేగం నిలబడాలి. పైలట్ చేత్తో నడుపుతూ దారి తప్పకుండా ముక్కును ఎత్తి పట్టుకుంటే వేగం కరిగిపోతూనే ఉంటుంది. ఆ స్థితి నుంచి ఆటోథ్రస్ట్, అంటే ఇంజన్ల శక్తిని దానంతట అదే సర్దే ఏర్పాటు, బయటపడి మళ్లీ వేగాన్ని కాపాడాలంటే, ఇద్దరి ముందూ ఉండి ముక్కును ఎటు తిప్పాలో తెరపై సూచించే ఫ్లయిట్ డైరెక్టర్లు రెండూ ఆపివేయాలి. కాక్‌పిట్ రికార్డింగులో ఒక పైలట్ తనది ఆపేశానంటారు, రెండోవారు తనది ఆపలేదు కదా అని గుర్తుచేస్తారు. నా దృష్టిలో ఈ ప్రమాదం మొత్తంలో అతి విషాదకరమైన ఘట్టం అదే, ఎందుకంటే ఏం జరుగుతోందో వారికి సగం తెలిసింది, మిగతా సగం తెలిసేసరికి ఎత్తు మిగలలేదు. 132 నాట్లు (నాట్ అంటే విమాన వేగానికి కొలమానం) ఉండాల్సిన వేగం 106కు పడిపోయింది. చివరికి పూర్తి శక్తి ఇచ్చినా, ఐడిల్ నుంచి పుంజుకోవడానికి జెట్ ఇంజన్‌కు కొన్ని సెకన్లు కావాలి.

ఒకసారి అర్ధరాత్రి దాటాక, శిక్షణ లేని వేళలో, మా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన నన్ను కుడివైపు సీట్లో కూర్చోబెట్టి ఇదే పరిస్థితిని చూపించారు. ఒక ఫ్లయిట్ డైరెక్టర్ ఆపి, రెండోది అలాగే వదిలేశారు. నేను ఇంజన్ల శక్తిని నియంత్రించే థ్రస్ట్ మీటలవైపే చూస్తున్నాను. అవి అంగుళమైనా కదలలేదు. బోయింగ్ విమానాల్లో ఆటోథ్రాటిల్ శక్తి తగ్గిస్తే మీటలు కూడా వెనక్కి జరుగుతాయి కాబట్టి వాటిమీద ఉన్న చేతికే విషయం తెలుస్తుంది. ఇక్కడ మీట ఒకేచోట ఉంటుంది, సమాచారమంతా తెర పైభాగాన చిన్న ఆకుపచ్చ అక్షరాల్లో వస్తుంది. కిటికీలోంచి రన్‌వేను చూస్తూ దిగుతున్న మనిషి ఆ అక్షరాలను చదవాలని ఆశించడం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి. వేగం ఒక హద్దు దాటి తగ్గగానే మా సిమ్యులేటర్‌లో మిగిలిన ఫ్లయిట్ డైరెక్టర్ దానంతట అదే ఆగిపోయి ఇంజన్లు పుంజుకున్నాయి. “ఈ రక్షణ ఆ విమానంలో లేదు” అన్నారాయన. ఆ మాట నాకు ఏ నివేదికకన్నా ఎక్కువ చెప్పింది.

జస్టిస్ శివశంకర్ భట్ నేతృత్వంలోని విచారణ న్యాయస్థానం, నేల నుంచి ఎత్తును కొలిచే రేడియో ఆల్టిమీటర్ 400, 300, 200 అడుగులని పలుకుతున్నా పైలట్లు పరిస్థితి తీవ్రతను గుర్తించి వెంటనే శక్తి పెంచలేదని తేల్చింది. నాకు దానితో పేచీ లేదు, కానీ అది ఏం జరిగిందో చెబుతుందే తప్ప ఎందుకు జరిగిందో చెప్పదు. అంత కిందికి వచ్చాక విమానం ఆ ఓపెన్ డిసెంట్ పద్ధతిలోకి ఎలా వెళ్లిందన్నదే అసలు వివాదం. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగాలని దిగుడు వేగం నాబ్ తిప్పబోయి, పక్కనే ఉన్న ఎత్తు నాబ్‌ను 700కు తిప్పి ఉండవచ్చన్న ఊహ బలంగా వినిపించింది. బెంగళూరు నేలే సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, 700 అడుగులంటే విమానాన్ని భూమిలోకి దిగమని చెప్పినట్టే, ఇంజన్లు ఐడిల్‌లోకి వెళ్లి ఓపెన్ డిసెంట్ మొదలవుతుంది. పైలట్లిద్దరూ మరణించడంతో దీన్ని నిర్ధారించే సాక్షి మిగలలేదు.

ఈలోగా వాదం రాజకీయాల్లోకి వెళ్లింది. వి.పి. సింగ్ ప్రభుత్వం ఏ320లన్నింటినీ నేలమీదే నిలిపివేసింది, కొనుగోలు ఒప్పందంపై సీబీఐ దర్యాప్తు మొదలైంది, తయారీదారు మానవ తప్పిదమంది, పైలట్ల వర్గాలు యంత్రాన్ని వేలెత్తి చూపాయి. 1992లో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర మరో ఏ320 దిగుతూ కొండను ఢీకొని 87 మంది చనిపోయినప్పుడు కూడా, దిగే కోణానికీ దిగే వేగానికీ మధ్య ఒకే నాబ్ తెచ్చిన గందరగోళమే చర్చకు వచ్చింది.

నాబ్ ఊహను కొట్టిపారేసేవారికి సిమ్యులేటర్‌లో ఆ రాత్రి జరిగిన ఇంకొక సంగతి చెబుతాను. రన్‌వే మీది నుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి దిగుడు వేగం సరిచేయమని ఆ ఇన్‌స్ట్రక్టర్ అన్నారు. ఆ రెండు నాబ్‌లనూ ఎన్నోసార్లు నా చేతులతో బిగించినవాణ్ణి కనుక ధీమాగా ఒకదాన్ని తిప్పి, బయటికి లాగాను. ఏది లాగావని అడిగితే “దిగుడు వేగం” అన్నాను. తల దించి చూస్తే నా వేళ్లు ఎత్తు నాబ్ మీద ఉన్నాయి.