గోడ మీద ఐఎస్ఓ, టేబుల్ మీద అదే ఫైలు

ప్రశ్న: నేనొక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌నండి. పోయినేడాది మాకు ఐఎస్ఓ 9001, అంటే పని పద్ధతి ప్రకారం జరుగుతోందని ఇచ్చే క్వాలిటీ సర్టిఫికెట్, వచ్చింది. ఆడిట్‌కి వారం ముందు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని పాత తేదీలేసి రిజిస్టర్లు నింపాం, ర్యాకులకి రంగు లేబుళ్లు అంటించాం, ఫ్లెక్సీ కట్టాం. జనం మాత్రం అదే క్యూ, అదే తిప్పట. కంపెనీల కోసం పుట్టినదాన్ని మాకెందుకు రుద్దుతున్నారు?
– పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ కోపంలో న్యాయముంది గానీ ఒక్క మాట తప్పండి. ఇది కంపెనీల దగ్గర పుట్టి సర్కారుకి వచ్చింది కాదు, దీని వంశం మొదలైందే మిలిటరీలో. ఫిరంగి గుండు పేలుతుందో లేదో చూడాలంటే పేల్చాలి, పేల్చాక ఇంక సైన్యానికి ఇచ్చేదేముంది? అందుకే చివర్లో చెక్ చేస్తే చాలదు, తయారీలోనే తప్పు దొర్లకుండా పద్ధతి పెట్టుకోండి, దాన్ని రాసి చూపించండి అని 1959లో అమెరికా రక్షణ శాఖ ఎంఐఎల్-క్యూ-9858 అనే రూల్ తెచ్చి సప్లయర్ల మెడకి కట్టింది. 1968లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో పెట్టిన అలాంటి రూల్సే, 1979లో బ్రిటన్ వాళ్ల ప్రమాణం బీఎస్ 5750, దాని మీంచి 1987లో మీ గోడ మీదున్న ఐఎస్ఓ 9000 కుటుంబం వచ్చాయి. తర్వాత అమెరికా నేవీ ఇలాంటి పనే ఎత్తుకున్నప్పుడు టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ అనే పేరులో మేనేజ్‌మెంట్ తీసేసి లీడర్‌షిప్ అని పెట్టుకుంది, టోటల్ క్వాలిటీ లీడర్‌షిప్ అని. నాకైతే ఆ మార్పు నచ్చింది, పైవాడు కదలకపోతే కిందవాడు రిజిస్టరే కదా నింపుతాడు!

మన దగ్గరా ప్రభుత్వ సేవలకంటూ 2005లో ఐఎస్ 15700 అనే క్వాలిటీ ప్రమాణం వచ్చింది. సిటిజన్ చార్టర్ (ఏ సేవ ఎలా అందిస్తామో జనానికి రాసిచ్చే మాట), ఫిర్యాదుల పరిష్కారం, సేవ అందించే తీరు, ఈ మూడూ చూసే సేవోత్తమ్ అనే కేంద్ర ప్రభుత్వ పద్ధతి కూడా ఉంది. చార్టర్ బోర్డులు చాలాచోట్ల ఉన్నాయిలెండి, బీరువా వెనకాల.

నా సంగతే చెప్తా. ఒక సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగా. మొదటిసారి ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌తో కలవలేదన్నారు, రెండోసారి జిరాక్స్ మసగ్గా ఉందన్నారు, మూడోసారి వెనక పేజీలో సంతకం లేదన్నారు. మూడూ మొదటిరోజే చెప్పొచ్చుగా? ఆ గుమస్తాని తిట్టుకున్నా గానీ, తర్వాత ఫారం తిప్పి చూస్తే సంతకం ఎక్కడ పెట్టాలో దానిమీదే లేదు పాపం.

కాబట్టి మీరు కొత్త రిజిస్టరేం పెట్టకండి, పాత తేదీల పని అస్సలొద్దు. ఒక మామూలు నోట్‌బుక్ తీసుకుని నెలరోజులు, వెనక్కి పంపిన ప్రతి అప్లికేషన్‌కి కారణం ఒక్క ముక్కలో రాయండి. నెలాఖరుకి లెక్కేస్తే ఒకటో రెండో కారణాలే మాటిమాటికీ కనపడతాయని నా అంచనా, వాటికోసం ఫారం మార్చమని మీ ఆఫీసర్‌కి నోట్ పెట్టండి, ఆయన సంతకం చేస్తేనే ఏదైనా కదిలేది. వచ్చే ఆడిట్‌లో ఆ నోట్‌బుక్కే చూపించండి, అట్ట మీద టీ మరకలున్నా పర్లేదు.